0.39 దగ్గర ఇరుక్కుపోయిన నా ల్యాప్‌టాప్

కంప్యూటర్ రిపేరు నా వృత్తి కాదు. కాకినాడలో చిన్న వ్యాపారస్తులకి లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం నా పని. బియ్యం కొట్లు, మందుల షాపులు, రెండు హార్డ్‌వేర్ షాపులు, ఒక టైల్స్ గోడౌన్, అన్నీ కలిపి ఇరవై చిల్లర క్లయింట్లు. నెలలో రెండు తేదీలు మెడ మీద కత్తిలా ఉంటాయి. 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను). తేదీ దాటితే లేటు ఫీజు పడేది క్లయింటుకి, మాట పడేది నాకు. ఆ పనంతా చేసేది ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద. 2018లో కొన్నాను, అందులో ఇంటెల్ ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఏడేళ్ల దాకా నన్ను ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు, అందుకే దాని మీద నాకు మమకారం.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక పట్టినప్పుడు నెల రోజుల పాటు నేను పడ్డ టెన్షన్, అనవసరంగా పెట్టిన ఖర్చు, రెండూ మొదటి రోజే ఒక్క అంకె చూసి ఉంటే తప్పిపోయేవి. ఇదే తిప్పలు పడుతూ "ప్రాసెసర్ పోయింది, మదర్‌బోర్డు పోయింది" అనే మాట విన్నవాళ్లు ఎవరైనా ఉంటే, కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు ఇది చదవండి.

శ్రావణ మాసంలో మొదలైంది. ఒకరోజు పొద్దున్న ట్యాలీ (నేను లెక్కలు రాసే ప్రోగ్రామ్) తెరిస్తే కంపెనీ లోడ్ అవడానికి నాలుగైదు నిమిషాలు పట్టింది. ఎక్సెల్‌లో ఒక అంకె కొడితే అది తెర మీదకి రావడానికి రెండు మూడు సెకన్లు. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్ తెరిచి క్యాప్చా టైప్ చేసేలోగా సెషన్ అయిపోయింది అని బయటికి నెట్టేసేది. మొదట పోర్టల్ స్లో అనుకున్నాను, చివరి తేదీలు దగ్గరపడితే పోర్టల్ బరువెక్కడం మాకు అలవాటే కదా. కానీ నోట్‌ప్యాడ్ కూడా నెమ్మదిగా తెరుచుకుంటుంటే అది పోర్టల్ తప్పు ఎలా అవుతుంది? విండోస్ అప్‌డేట్ ఏదో లోపల నడుస్తోందేమోనని ఒక రాత్రంతా ఆన్‌లోనే వదిలేశాను. యాంటీవైరస్ తీసేసి మళ్లీ వేశాను. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేశానో లెక్క లేదు, ఒక్కో రీస్టార్టుకి పది పన్నెండు నిమిషాలు పట్టేది, ఈలోగా కాఫీ తాగి రావచ్చు.

11వ తేదీ జీఎస్టీఆర్-1లు ఎలాగో గట్టెక్కించాను, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని. మర్నాడు రిపేరు షాపుకి తీసుకెళ్లాను.

షాపు కుర్రాడు మంచివాడే, ఓపిగ్గా చూశాడు. మెషిన్‌లో ఏది ఎంత పని చేస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి, "చూడండి సార్, సీపీయూ 22 శాతమే వాడుతోంది, అది ఖాళీగానే ఉంది. మీ హార్డ్ డిస్క్ పాతది, అదే లాగుతోంది, ఎస్ఎస్‌డీ వేయించండి" అన్నాడు. విన్నవాళ్లెవరికైనా సబబుగానే అనిపిస్తుంది. సీపీయూ, అంటే ప్రాసెసర్, 22 శాతమే పని చేస్తుంటే తప్పు దానిది కాదు కదా. మూడు వేల రెండొందలు పెట్టి ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్, వేయించాను. ఫార్మాట్ చేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు, ట్యాలీ డేటా, డిజిటల్ సంతకం డ్రైవర్లు, అన్నీ మళ్లీ పెట్టుకునే టైం లేదు, ఉన్నదున్నట్టు కొత్త దాంట్లోకి కాపీ చేయమన్నాను. ఆ పట్టుదలే తర్వాత నాకు ఎంత మేలు చేసిందో చెప్తాను.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే అదే నత్తనడక. కొంచెం ముందుగా డెస్క్‌టాప్ వచ్చింది, అంతే. మళ్లీ వెళ్లాను. ఈసారి విప్పి ఫ్యాన్‌లో దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ మార్చారు, ఎనిమిది వందలు. తేడా లేదు. మూడోసారి వెళ్తే షాపు ఓనరు వచ్చి చూసి, "ఇక బోర్డేనండి, పద్నాలుగు వేల దాకా అవుతుంది, ఇంత పాత దానికి అంత పెట్టడం కంటే కొత్తది తీసుకోండి" అన్నాడు. అప్పటికి 17వ తేదీ సాయంత్రం. సగం మంది 3బీలు ఇంకా వేయాల్సి ఉంది. చేతిలో కొత్త ల్యాప్‌టాప్‌కి డబ్బు సిద్ధంగా లేదు.

ఆ రాత్రి మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను. వాడు బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు. అంతా విని వాడు అడిగిన మొదటి ప్రశ్న, ఇన్ని రోజుల్లో ఎవరూ అడగనిది:

"బాబాయ్, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ మీద నొక్కండి. సీపీయూ గ్రాఫ్ కింద స్పీడ్ అని ఉంటుంది. ఎంత చూపిస్తోంది?"

"0.39 గిగాహెర్ట్జ్."

"ఎక్సెల్ తెరవండి, బ్రౌజర్ తెరవండి, ఇప్పుడు?"

"0.39."

"ఐదు నిమిషాలు అలాగే చూడండి, ఎప్పుడైనా కదులుతుందేమో."

కదల్లేదు. 0.39, ఎప్పుడైనా 0.40, మళ్లీ 0.39. వాడు అటు నుంచి ఒక నిట్టూర్పు వదిలి, "ప్రాసెసర్ పాడైపోలేదు బాబాయ్. దాన్ని ఎవరో నెమ్మదిగా నడవమన్నారు. ఎవరన్నారో పట్టుకోవాలి" అన్నాడు. నాకు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత వాడు చెప్పిందీ, నేను చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను. ఈ ప్రాసెసర్ లోపల 100 మెగాహెర్ట్జ్ గడియారం ఒకటి ఉంటుంది, దాన్ని ఒక గుణకంతో పెంచితే వేగం వస్తుంది. 16తో గుణిస్తే 1.6 గిగాహెర్ట్జ్, అది పేరు మీద రాసి ఉండే మామూలు వేగం. పని పడినప్పుడు గుణకం 34 దాకా వెళ్తుంది, అంటే 3.4. అన్నిటికంటే తక్కువ గుణకం 4, అంటే 400 మెగాహెర్ట్జ్. గడియారం 100కి పిసరంత తక్కువగా కొట్టుకుంటుంది కాబట్టి టాస్క్ మేనేజర్‌లో 0.40కి బదులు 0.39 కనిపిస్తుంది. పని లేనప్పుడు వేగం తగ్గడం సహజమే, కరెంటు ఆదా కోసం. కానీ పని ఉన్నప్పుడు కూడా అట్టడుగు గుణకం దగ్గరే కట్టేసినట్టు ఉంటే అది జబ్బు.

మరి ఆ 22 శాతం మాటేమిటి? ఇది తెలుసుకున్నాక నాకు నిజంగా బాధేసింది. విండోస్ 10 టాస్క్ మేనేజర్ సీపీయూ వాడకాన్ని దాని బేస్ స్పీడుతో పోల్చి చూపిస్తుంది. నా దాంట్లో బేస్ స్పీడ్ 1.80 అని ఉంది (పేరులో 1.60 ఉండి ఇక్కడ 1.80 ఉండటం తప్పు కాదు, ఈ ప్రాసెసర్‌కి చాలా ల్యాప్‌టాప్‌లలో అలాగే కనిపిస్తుంది). 0.39ని 1.80తో భాగించి చూడండి, దాదాపు 22 శాతం వస్తుంది. అంటే నా ప్రాసెసర్ ఖాళీగా లేదు. ఉన్న కాస్త వేగంలో నూటికి నూరు శాతం కష్టపడుతోంది, తెర మీద మాత్రం 22 అని కనిపిస్తోంది. ఎంత పని ఇచ్చినా ఆ గ్రాఫ్ 22 దగ్గర గీత గీసినట్టు నిలబడుతుంది. మీ దాంట్లో కూడా మెషిన్ పాకుతూ, సీపీయూ వాడకం మాత్రం ఒకే అంకె దగ్గర బల్లపరుపుగా ఉంటే, శాతం వదిలేసి దాని కింద ఉన్న స్పీడు చూడండి. ఎస్ఎస్‌డీకి పెట్టిన మూడు వేల రెండొందలు ఈ ఒక్క విషయం తెలియకే పోయాయి.

సరే, నెమ్మదిగా నడవమన్నది ఎవరు? ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాం.

మొదట విండోస్ పవర్ సెట్టింగులు. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరైనా తగ్గిస్తే వేగం ఆ మేరకే ఆగిపోతుంది, 99 శాతం పెట్టినా సరే టర్బో (మామూలు వేగం దాటి పెరగడం) పూర్తిగా ఆగిపోతుంది. నాది 100లోనే ఉంది. తర్వాత వేడి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూస్తే 43, 44 డిగ్రీలు. ఈ ప్రాసెసర్ 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కాబట్టి అది వేడెక్కి తగ్గడం లేదు. చల్లగా ఉండి కూడా పాకుతోంది, అదే విచిత్రం. పేస్ట్ మార్చినందుకు ఇచ్చిన ఎనిమిది వందలు కూడా అక్కడే తేలిపోయాయి.

ఈలోగా నాకు ఇరవై ఏళ్ల నాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. సికింద్రాబాద్ సీటీసీలో భాగాలు కొని కట్టించుకున్న డెస్క్‌టాప్ ఉండేది, ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్. అది 11 గుణకం, 166 పైచిలుకు మెగాహెర్ట్జ్ బస్సు (ఇక్కడి 100 గడియారం లాంటిదే), వెరసి 1833 మెగాహెర్ట్జ్. ఒకరోజు అది 1100 అని చూపించడం మొదలుపెట్టింది. బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయేసరికి సెట్టింగులు మర్చిపోయి బస్సు 100కి పడిపోయింది, 11 పెట్టి 100 గుణిస్తే 1100. ముప్పై రూపాయల బ్యాటరీ మార్చి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) 166 పెడితే తిరిగి వచ్చేసింది. అదేమోనని ఈ ల్యాప్‌టాప్ బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైం చూశాను, సరిగ్గానే ఉన్నాయి. అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకి తెచ్చాను. లాభం లేదు. కానీ ఆ పాత లెక్క ఒక విధంగా పనికొచ్చింది. వేగం అంటే రెండు అంకెల గుణకారం, ఏ అంకె తప్పిందో చూస్తే కారణం ఎటువైపు ఉందో తెలుస్తుంది. ఇక్కడ 100 సరిగ్గానే ఉంది, గుణకమే 4 దగ్గర ఇరుక్కుంది.

పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని దాంతో బూట్ చేయమన్నాడు మావాడు. అదీ చేశాను. అక్కడా 400 మెగాహెర్ట్జే. అంటే విండోస్‌ది తప్పు కాదు, ఫార్మాట్ చేసినా ఏం మారేది కాదు. ఆర్డరు కింద నుంచి వస్తోంది, బోర్డు నుంచి.

రాత్రి పన్నెండు దాటింది. ఫోన్ పెట్టేయకుండా, విండోస్ తన సంగతులన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిపించాడు. అందులో సిస్టమ్ లాగ్‌లో, కెర్నెల్ ప్రాసెసర్ పవర్ అనే పేరుతో, 37వ నంబరు హెచ్చరికలు వరసగా ఉన్నాయి. ఆన్ చేసిన ప్రతిసారీ ఎనిమిది. వాటి సారాంశం: ఈ ప్రాసెసర్ వేగాన్ని సిస్టమ్ ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) పరిమితం చేస్తోంది, కిందటి రిపోర్టు తర్వాత ఇన్ని సెకన్లుగా ఇది ఇలాగే ఉంది. ఇన్నాళ్లూ మెషిన్ తనంతట తానే రాసిపెట్టుకుంటోంది, చదివినవాడు లేడు.

అప్పుడు అడిగాడు. "బాబాయ్, చార్జర్ తీసి చూశారా?"

చూడలేదు. ఎందుకంటే బ్యాటరీ కూడా పోయిందని నేను అనుకుంటున్నాను. కొన్ని వారాలుగా అది ఎక్కడం లేదు, ప్లగ్ పెట్టే ఉన్నా చార్జింగ్ అవడం లేదు అని చూపిస్తోంది, కరెంటు పోయిన ప్రతిసారీ కాస్త కాస్త తరిగి 11 శాతానికి వచ్చింది. ఏడేళ్ల బ్యాటరీ, దాని ఆయుష్షు అయిపోయింది, ఈ పనులు గట్టెక్కాక మార్పిద్దాం అనుకుని ఊరుకున్నాను. షాపులో కూడా ఆ సంగతి చెప్పలేదు, అది వేరే సమస్య అనుకున్నాను కాబట్టి.

"పదకొండు చాలు. పీకండి" అన్నాడు.

పీకాను. ఒకటి, రెండు సెకన్లు. 0.39 కాస్తా 1.8 అయింది, 2.7 అయింది, 3.3. నేను అంతకుముందు నొక్కి వదిలేసిన కిటికీలన్నీ ఒక్కసారిగా టపటపా తెరుచుకున్నాయి. ఫ్యాన్ తిరిగిన చప్పుడు విని ఎన్ని రోజులైందో. మళ్లీ చార్జర్ పెట్టాను, 0.39. తీశాను, 3.1. నాలుగుసార్లు చేశాను, నమ్మలేక. ఆ అర్ధరాత్రి మా ఆవిడని లేపి మరీ చూపించాను.

ఇక్కడ జరుగుతున్నది ఇది. ఇంటెల్ ప్రాసెసర్‌కి ప్రాక్‌హాట్ అనే ఒక తీగ ఉంటుంది. ప్రాసెసర్ బాగా వేడెక్కితే ఆ తీగ మీద "నేను వేడెక్కాను" అని బయటికి చెప్తుంది. అదే తీగని బోర్డు కూడా లాగవచ్చు, అప్పుడు అది ప్రాసెసర్‌కి "నువ్వు వేడెక్కావో లేదో నాకనవసరం, వెంటనే తగ్గు" అని చెప్పడం. రెండు వైపులా నడుస్తుంది కాబట్టి దాన్ని బీడీ ప్రాక్‌హాట్ అంటారు. బోర్డు మీద కరెంటు సరఫరా భాగాలు వేడెక్కినా, వేడి కొలిచే సెన్సార్ చెడినా, చార్జర్ మీద అనుమానం వచ్చినా బోర్డు ఆ తీగ లాగుతుంది. ప్రాసెసర్ మారుమాట్లాడకుండా అట్టడుగుకి దిగిపోతుంది.

చార్జర్ మీద అనుమానం ఎలా వస్తుంది? నా ల్యాప్‌టాప్ చార్జర్ మూతి గుండ్రంగా ఉండి, మధ్యలో సూదిలాంటి సన్నని పిన్ ఒకటి ఉంటుంది. కరెంటు వచ్చేది చుట్టూ ఉన్న గొట్టం నుంచి, 19.5 వోల్టులు. మధ్య సూది కరెంటుకి కాదు, మాటకి. చార్జర్ లోపల చిన్న చిప్ ఉంటుంది, అది ఆ సూది గుండా "నేను ఫలానా చార్జర్‌ని, 65 వాట్లు ఇవ్వగలను" అని ల్యాప్‌టాప్‌కి చెప్పుకుంటుంది. ఆ మాట వినపడకపోతే ల్యాప్‌టాప్‌కి ఎదురుగా ఉన్నది 45 వాట్లదో, 65దో, ఊరూ పేరూ లేనిదో తెలియదు. ఒకేసారి బ్యాటరీ ఎక్కిస్తూ, ప్రాసెసర్‌ని పూర్తి వేగంతో నడిపితే చిన్న చార్జర్ మాడిపోవచ్చు. అందుకని రెండు జాగ్రత్తలు తీసుకుంటుంది. బ్యాటరీ ఎక్కించడం మానేస్తుంది, ప్రాసెసర్‌ని కట్టేస్తుంది. నేను రెండు వేర్వేరు జబ్బులనుకున్నవి ఒకే కారణం నుంచి వచ్చాయి. షాపులో బ్యాటరీ ఎక్కడం లేదని ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్లకి కూడా తట్టి ఉండేదేమో.

వెంటనే బయోస్‌లోకి వెళ్లి చూడమన్నాడు మావాడు. బ్యాటరీ పేజీలో అడుగున ఏసీ అడాప్టర్ అని ఉండి, ఎదురుగా అన్‌నోన్ అని ఉంది. సాధారణంగా ఇలాంటప్పుడు ఆన్ చేయగానే అడాప్టర్ గుర్తుపట్టలేకపోతున్నాను అని ఒక హెచ్చరిక రావాలట. నా బయోస్‌లో ఆ హెచ్చరికల సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. ఎప్పుడు, ఎవరు ఆఫ్ చేశారో గుర్తు లేదు, ఇప్పుడు ఆన్ చేసి ఉంచాను.

కానీ తెల్లారితే 18. కొత్త చార్జర్ తేవాలన్నా, ఏదైనా మార్పించాలన్నా పగలు గడిచిపోతుంది. అప్పుడు మావాడు థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేయించాడు. అందులో లిమిట్స్ అనే కిటికీ తెరిస్తే బీడీ ప్రాక్‌హాట్ అనే పేరు ఎర్రగా వెలుగుతోంది, ఇక అనుమానానికి తావు లేదు. మెయిన్ కిటికీలో అదే పేరుతో టిక్ ఉంటుంది, అది తీసేస్తే ప్రాసెసర్ ఆ తీగ మాట వినడం మానేస్తుంది. తీశాను, చార్జర్ పెట్టి ఉండగానే వేగం 3 దాటింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి అందరూ ఆ టిక్ తీసేసి, సమస్య పోయిందనుకుని వదిలేయొద్దు. ప్రాసెసర్ తన వేడిని తాను చూసుకోవడం మానదు, అది వేరే ఏర్పాటు. కానీ బోర్డు ఎందుకు అరుస్తోందో తెలియకుండా దాని నోరు నొక్కడం అవుతుంది. నిజంగానే చార్జర్ చిన్నదైతే అది కాలుతుంది, బోర్డు మీద ఇంకేదో వేడెక్కుతుంటే అదీ తెలియదు. నా దాంట్లో కారణం తెలిసింది, చార్జర్ కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన 65 వాట్లదే, పైగా బ్యాటరీ ఎక్కడం లేదు కాబట్టి దాని మీద భారం తక్కువ. అందుకే ఆ రెండు రోజులకి ఒప్పుకున్నాను. ప్రతి అరగంటకీ చార్జర్ మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ చేశాను. రీస్టార్ట్ చేసినా, నిద్రపోయి లేచినా ఆ టిక్ మళ్లీ వచ్చేసేది, మళ్లీ తీసేవాణ్ని. 19వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి ఆఖరి 3బీ వేశాను. ఒక్కరికీ లేటు ఫీజు పడలేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున్న చార్జర్ సంగతి చూద్దామని, ఇదే మోడల్ వాడే మా తోడల్లుడి దగ్గర చార్జర్ తెచ్చి పెట్టాను. చార్జరే దోషి అని నాకు పూర్తి నమ్మకం. థ్రాటిల్‌స్టాప్ మూసేసి రీస్టార్ట్ చేసి చూస్తే మళ్లీ 0.39. బయోస్‌లో మళ్లీ అన్‌నోన్. నా చార్జర్‌ని ఆయన ల్యాప్‌టాప్‌కి పెడితే ఆయనది హాయిగా 65 వాట్లు అని గుర్తుపట్టి చార్జ్ అవుతోంది. ఇంత దూరం వచ్చి మళ్లీ బోర్డు మాటే నిజమవుతుందేమోనని గుండెల్లో రాయి పడింది.

ఆ నిరాశలో, టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టి, చార్జర్ మూతిని జాక్‌లో అటూ ఇటూ కదుపుతున్నాను. ఒక కోణంలో, కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు, వేగం ఉన్నట్టుండి 2.9కి ఎగిరింది, బ్యాటరీ గుర్తు పక్కన చార్జింగ్ మెరుపు వచ్చింది. వదిలేస్తే పోయింది. మళ్లీ ఎత్తితే వచ్చింది. చార్జర్‌లో కాదు, ల్యాప్‌టాప్ వైపు జాక్‌లో, మధ్య సూది దూరే చోట వదులైంది. కరెంటు అందుతోంది కాబట్టి ల్యాప్‌టాప్ నడుస్తోంది. మాట అందడం లేదు.

ఎప్పుడు వదులైందో కూడా తెలిసింది, ఫార్మాట్ చేయించకపోవడం కలిసొచ్చింది ఇక్కడే. ఈవెంట్ వ్యూయర్‌లో 37వ నంబరు హెచ్చరికలు వెనక్కి జరుపుతూ పోతే మొట్టమొదటిది వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం, ఏడు ఇంకా కాలేదు. ఆ రోజు ఇల్లంతా పేరంటాళ్లు, పిల్లలు. నా గదిలో పరిగెడుతున్న ఒక పిల్లవాడి కాలికి చార్జర్ తీగ తగిలి ల్యాప్‌టాప్ బల్ల అంచు దాకా జారింది, నేను పట్టుకున్నాను. కింద పడలేదు కదా అని సంతోషపడి అక్కడితో మర్చిపోయాను. ఆ లాగుడు మొత్తం భరించింది ఆ జాకే.

వేరే షాపుకి వెళ్లాను, ఈసారి "స్లోగా ఉంది" అని చెప్పలేదు. "డీసీ జాక్ మార్చాలండి, మధ్య పిన్ అందడం లేదు, బయోస్‌లో అడాప్టర్ అన్‌నోన్ అని వస్తోంది" అన్నాను, జాక్ కదిపి చూపించాను. అతను రెండు నిమిషాల్లో ఒప్పుకున్నాడు. నా మోడల్‌లో అదృష్టవశాత్తు జాక్ బోర్డుకి అతికించి లేదు, చిన్న తీగతో కనెక్టర్ గుచ్చే విడి ముక్క. విప్పి, పాతది లాగి, కొత్తది గుచ్చి, బిగించడానికి నలభై నిమిషాలు. ముక్కకి నాలుగొందల యాభై, పనికి మూడొందలు. పాత జాక్ నా చేతిలో పెట్టాడు, లోపల మధ్య రేకు ఒక పక్కకి వంగి ఉండటం కంటికే కనిపిస్తోంది. జాక్ బోర్డుకి అతికించి ఉండే మోడల్స్‌లో అయితే టంకం పని ఉంటుంది, ఖర్చు కొంచెం పెరుగుతుంది అన్నాడు.

అక్కడే కౌంటరు మీద ఆన్ చేసి చూసుకున్నాను. బయోస్‌లో ఏసీ అడాప్టర్ ఎదురుగా 65 వాట్లు. విండోస్‌లో చార్జర్ పెట్టి ఉండగా, థ్రాటిల్‌స్టాప్ లేకుండా, 3.4 దాకా వెళ్లి, పని తగ్గాక కిందికి దిగి, మళ్లీ ఎక్కుతోంది. ఒకే చోట నిలబడని అంకె చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పోయిందనుకున్న బ్యాటరీ రెండు గంటల్లో నిండింది, ఇప్పుడు కూడా గంటన్నర పైగా వస్తోంది. ఆ రోజు తర్వాత 37వ నంబరు హెచ్చరిక ఒక్కటి కూడా లేదు, అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాను.

మొదటి షాపు కుర్రాడికి కూడా వెళ్లి చెప్పాను. తప్పు పట్టడానికి కాదు, ఆ 22 శాతం లెక్క అతనికి తెలిస్తే ఇంకొకరికి ఎస్ఎస్‌డీ ఖర్చు తప్పుతుందని. అతను కాగితం తీసుకుని 0.39ని 1.80తో భాగించి చూసుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. పాత జాక్ కూడా చూపించాను, ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. పది రోజుల తర్వాత అతనే ఫోన్ చేశాడు. "సార్, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది, స్లో అని. స్పీడు చూస్తే 0.39. చార్జర్ తీసేయగానే లేచింది. ఇంకో చార్జర్ పెట్టి చూశాను, బాగానే ఉంది. దీనికి జాక్ కాదు సార్, చార్జర్ వైరే లోపల తెగింది."